గడప బయట నాలుగు మేకులు

నేను క్షమించే రకం కాదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. చదువుతూ చదువుతూ ఎక్కడో ఒకచోట నేను మెత్తబడతానని ఎదురుచూసేవాళ్ళు ఆ ఆశ ఇక్కడే వదిలేసుకోవచ్చు.

తిరుపతి పాత ఊళ్ళో దేవుడి పటాలకు ఫ్రేములు కట్టే కొట్టు నాది. మా నాయన పెట్టింది. చెక్క కోయడం, అద్దం కోయడం, మేకు కొట్టడం తప్ప నాకు వేరే విద్య రాదు. కొట్టు పక్కన సరుకు పెట్టుకునే గది ఒకటి ఖాళీగా ఉంటే మా వీధి యువజన సంఘానికి ఇచ్చాను. అద్దె వద్దన్నాను. ఒకే ఒక షరతు పెట్టాను. తలుపు బయట గోడకి, భుజమెత్తున, వరసగా నాలుగు మేకులు కొట్టి చూపించాను. లోపలికి వచ్చేవాడు ఏ పార్టీవాడైనా సరే, మెడలో కండువా ఉంటే తీసి ఆ మేకుకి తగిలించి రావాలి. వెళ్ళేటప్పుడు ఎవరిది వాళ్ళే తీసుకోవాలి. ఒకరిది ఇంకొకరు ముట్టుకోకూడదు.

ఈ షరతు నాకు ఊరికే పుట్టలేదు. మా సంఘం పని ఏమిటంటే, ఎండాకాలం కొండకి నడిచి వెళ్ళేవాళ్ళకి మజ్జిగ, నీళ్ళు ఇవ్వడం. రద్దీ రోజుల్లో బస్టాండు దగ్గరా రైల్వే స్టేషను దగ్గరా తప్పిపోయినవాళ్ళని వాళ్ళవాళ్ళ దగ్గరికి చేర్చడం. ఆసుపత్రిలో ఎవరికైనా రక్తం కావాలంటే ఇచ్చేవాళ్ళని వెతికిపెట్టడం. ఒకసారి సేలం వైపు నుంచి వచ్చిన ముసలామె ఒకతె గుంపు నుంచి తప్పిపోయి ఏడుస్తోంది. మా సభ్యుడొకడు ఏదో మీటింగు నుంచి కండువాతోనే వచ్చి ఆమె చెయ్యి పట్టుకోబోయాడు. ఆమె ఆ కండువా చూసి చెయ్యి విదిలించుకుంది. ‘నాన్ వరల, నాన్ వరల’, నేను రాను అని అరవంలో అంటూ స్తంభాన్ని కావలించుకుంది. లారీ ఎక్కించి సభకి తోలుకుపోతారని భయపడిందట. వాడు కండువా తీసి జేబులో కుక్కుకున్నాక గానీ ఆమె స్తంభం వదల్లేదు. మరుసటి రోజే మేకులు కొట్టాను.

మొదట్లో అందరూ ఎగతాళి చేశారు. ‘ముందు మేకుకు దండం పెట్టుకోని రాండప్పా’ అని మా కుర్రాళ్ళే వచ్చినవాళ్ళని ఆటపట్టించేవాళ్ళు. ఒకరోజు గాలికి రెండు రంగుల కండువాలూ కింద పడ్డాయి. తొందరలో ఒకాయన అవతలివాళ్ళది మెడలో వేసుకుని నేరుగా తన పార్టీ ఆఫీసుకే వెళ్ళాడు. ఆ రోజు అక్కడ ఏం జరిగిందో ఆయన ఎవరికీ చెప్పలేదు. మేం మాత్రం నెల రోజులు నవ్వుకున్నాం. రంగుల పేర్లు ఇక్కడ రాయను. రాస్తే నేనూ ఒక పక్షం అయిపోతాను.

మా సంఘానికి అధ్యక్షుడు నా చిన్ననాటి స్నేహితుడు. కార్ల ట్రావెల్స్ నడిపేవాడు. ఇద్దరం ఒకే బెంచీ మీద చదువుకున్నాం. వాళ్ళమ్మ పెట్టిన సంగటి, ఊరిబిండి పచ్చడి తిని పెరిగినవాణ్ణి నేను. వాడు మాట నేర్పరి. ఎవరి దగ్గర ఏ పని ఎలా చేయించుకోవాలో వాడికి తెలుసు. నాకు కోపం ఎక్కువ, వాడికి ఓపిక ఎక్కువ. అందుకే వాడు అధ్యక్షుడు, నేను గది ఇచ్చినవాణ్ణి. పిల్లలు నన్ను మామా అనీ, చిన్నాయనా అనీ ఎవరి వరస వాళ్ళు కలుపుకుని పిలిచేవాళ్ళు. వాణ్ణి మాత్రం చిన్నా పెద్దా అందరూ ‘అన్నా’ అనే పిలవాలి. ఆ పిలుపు మీద వాడికి అంత మోజు ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు.

ఇప్పుడు ఆ అమ్మాయి సంగతి. గంగమ్మ గుడి దగ్గర గూడూరు నిమ్మకాయలు తెచ్చి అమ్ముకునే ఒకావిడ ఉంది. భర్త లేడు. ఒక్కతే కూతురు, డిగ్రీ అయి ఉద్యోగానికి పరీక్షలు రాసుకుంటోంది. ఆ పిల్ల మా సంఘంలో చేరతానంటే తల్లి నా కొట్టుకి వచ్చి నిలబడింది.

“అన్నా, మాకు మొగదిక్కు లేదు. నాకు పార్టీలంటే బయం. ఇయ్యాల ఈళ్ళుంటారు, రేపు వాళ్ళొస్తారు. మజ్జలో మావంటోళ్ళం నలిగిపోతాం. నా బిడ్డను ఏ జెండా కింద నిలబెట్టనంటే పంపిస్తా.”

నేను సుత్తి కింద పెట్టకుండానే జవాబు చెప్పాను. “నేనుండా గదమ్మా. ఆ గడప దాటి లోపలికి జెండా రాదు. ఆ మేకులు సూడు.”

ఆమె మేకులు చూసింది. నమ్మింది. నన్ను ఎవరైనా అంత సులువుగా నమ్మడం అదే ఆఖరు.

ఎన్నికల ఎండాకాలం వచ్చింది. ఆ ఏడు మజ్జిగ పందిరి ఎప్పటికంటే పెద్దదిగా వేద్దామన్నాడు మా అధ్యక్షుడు. ఎవరో దాత నీళ్ళ క్యాన్లు ఇస్తున్నాడన్నాడు. దాత ఎవరని నేను అడగలేదు. అది నా తప్పు. పందిరి మొదలుపెట్టే రోజు నేను పాకాలలో మా చెల్లెలు కొత్తింట్లో పాలు పొంగిస్తుంటే అక్కడ ఉన్నాను. సాయంత్రం తిరిగివచ్చి ఊళ్ళోకి మలుపు తిరిగేసరికి కూడలిలో నిలువెత్తు ఫ్లెక్సీ. ఒక నాయకుడు నవ్వుతున్నాడు. ఆయన పక్కన మా వాడు నవ్వుతున్నాడు. వాళ్ళిద్దరి మధ్య ఆ నిమ్మకాయల ఆవిడ కూతురు, రెండు చేతులతో మజ్జిగ గ్లాసుల తట్ట పట్టుకుని నిలబడి ఉంది. మెడలో కండువా. కింద పెద్ద అక్షరాలు: ‘మా యువత మా వెంటే’.

ఎలా జరిగిందో ఆ పిల్లే చెప్పింది. తట్ట నిండా గ్లాసులు. చేతులు ఖాళీ లేవు. ఎవరో వెనకనుంచి ‘ఇట్ల సూడమ్మా’ అన్నారు. తల తిప్పేలోగా అన్న సైగ చేశాడు, ఆ నాయకుడు ఆమె మెడలో కండువా వేశాడు, ఫొటో అయిపోయింది. తట్ట దించి కండువా తీసేయడానికి పట్టింది రెండు నిమిషాలు.

“తట్ట కింద పడేసుండాల్సింది మామా,” అంది. “మజ్జిగ పోతాదని సూసినా.”

నేను ఆ రాత్రే వాడితో పోట్లాడాను. వాడు నవ్వి, ‘పందిరికి ఇంత కర్సు పెట్టినాయనకు ఒక ఫొటో అన్నా ఇయ్యకపోతే ఎట్లప్పా’ అన్నాడు. తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్నట్టుంది వాడి జవాబు. ఫ్లెక్సీ దింపించాను. కానీ ఫోన్లలోకి ఎక్కినదాన్ని ఎవరు దింపుతారు? ఆ వారంలోనే నలుగురు తల్లిదండ్రులు పిల్లల్ని సంఘం మానిపించారు. రక్తం కోసం ఫోన్ చేస్తే, ‘మీ పార్టీవాళ్ళనే అడుక్కోండి’ అని పెట్టేసినవాళ్ళూ ఉన్నారు. పన్నెండేళ్ళు మేకుకి తగిలించి కాపాడుకున్న పేరు ఒక్క గుడ్డముక్కతో పోయింది.

ఎన్నికలయ్యాయి. ఫ్లెక్సీ మీది నాయకుడు ఓడిపోయాడు. నెల తిరక్కుండానే మా వాడు గెలిచినవాళ్ళ కండువా కప్పుకున్నాడు. సంఘం కూర్చుని వాణ్ణి అధ్యక్ష పదవి నుంచి తీసేసింది. వాడికి అది చీమ కుట్టినట్టు కూడా కాలేదు. ఏ ఎండకా గొడుగు పట్టేవాడికి మా గది నీడతో ఏం పని?

ఆ తర్వాత కొన్నాళ్ళకి ఆ అమ్మాయికి ఒక ప్రభుత్వ ఆఫీసులో ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం వచ్చింది. కంప్యూటరు పని. జీతం పెద్దదేం కాదు, కానీ తల్లికి నిమ్మకాయల బుట్ట దించే దారి కనిపించింది. తల్లి అప్పటికే గంగమ్మకి మొక్కుకుని ఉంది, బిడ్డకి ఉద్యోగం వస్తే జాతరకి బిడ్డ చేత వేషం కట్టిస్తానని. పదకొండు రోజులు పనికి వెళ్ళింది. పన్నెండో రోజు ఎవరో ఆ ఫొటో తెచ్చి పైవాళ్ళ ఫోనులో పెట్టారు. రేపటి నుంచి రావద్దన్నారు. ఎందుకని అడిగితే, ‘నీకు తెలీనిదేముండాదమ్మా’ అన్నారట.

ఎవడు ఆ కండువా వేయించాడో వాడు రంగు మార్చుకుని కారులో తిరుగుతున్నాడు. రెండు నిమిషాలు మోసిన పిల్లకి మాత్రం ఆ రంగు వదల్లేదు.

అయినా ముందు మర్యాదగానే వెళ్ళాను. వాడి ట్రావెల్స్ ఆఫీసులో ఎదురుగా కూర్చున్నాను. వాడు టీ తెప్పించాడు.

“ఒక్క మాట సాలప్పా,” అన్నాను. “నువ్వు ఆ ఆఫీసుకు పోయి, ఆ కండువా వేయించింది నేనే, ఆ పాపకు ఏ పార్టీ లేదు అని చెప్పు. ఇప్పుడు నువ్వు వాళ్ళ మనిషివే గదా. నీ మాట ఇంటారు.”

వాడు గ్లాసు కింద పెట్టాడు. “సెప్పొచ్చబ్బా. సెప్పేదానికేముండాది. కానీ ఇప్పుడు నేను పోయి ఆ ఫొటో ఎత్తితే, నేను యాడినుండి వచ్చినానో మళ్ళా గుర్తు సేసినట్లు గదా? నిన్నగాక మొన్న వచ్చినోణ్ణి. కొన్నాళ్ళు పోనీ.”

“కొన్నాళ్ళు పోతే ఆ సీట్లో ఇంకొకరు కూసుంటారు.”

“రెండు నిమిషాల ఫొటోకు ఇంత రచ్చ ఏందప్పా? నేనేమన్నా ఆ పిల్ల మెడకు ఉరి తగిలించినానా?”

టీ తాగకుండా లేచాను. ఆ తల్లికి మాట ఇచ్చింది నేను. వాడి నోట్లోంచి రావాల్సింది ఒకే ఒక్క వాక్యం. అది వాడు దాచుకున్నాడు, తన మెడలో గుడ్డ మాసిపోకుండా. ఆ క్షణం నుంచి వాణ్ణి ఎలా దెబ్బ తీయాలన్నది తప్ప నాకు వేరే ఆలోచన లేదు. ఫ్రేము కడుతున్నా అదే, అన్నం తింటున్నా అదే. స్వామి పటానికి మేకు కొడుతూ వాడి మొహం తలుచుకున్నాను. పాపమో పుణ్యమో నాకు తెలియదు, మేకు మాత్రం వంకర పోకుండా దిగింది.

దారి దొరికింది. వాడివి రెండు ఫొటోలు సంపాదించాను. ఒకటి మజ్జిగ పందిరిది, పాత కండువాతో. ఇంకొకటి మొన్నటిది, కొత్త కండువాతో. రెండూ పక్కపక్కన పెట్టి పెద్ద ఫ్లెక్సీ వేయించాను. కింద ‘ఈయనకు ఏ రంగు నప్పింది?’ అని రాయించాను. అదే కూడలిలో, అదే స్తంభాలకి కట్టాలని. కొత్తవాళ్ళు చూస్తే వాణ్ణి గుమ్మం ఎక్కనివ్వరు, పాతవాళ్ళు ఎలాగూ ఎక్కనివ్వరు. ఉభయభ్రష్టత్వం అంటే ఏమిటో వాడికి తెలిసిరావాలి. సంఘంలో ముగ్గురు కుర్రాళ్ళు నిచ్చెన తెచ్చారు. వాళ్ళకీ కడుపు మండి ఉంది. ఫ్లెక్సీని గదిలో నేల మీద పరిచి తాళ్ళు కడుతుంటే ఆ అమ్మాయి వచ్చింది.

గడపలోనే నిలబడి చూసింది.

“ఆ ఫొటోలో నేనుండా గద మామా,” అంది.

ఉంది. వాడి పక్కనే, తట్ట పట్టుకుని, మెడలో కండువాతో. నాకు వాడి మొహం తప్ప ఇంకేమీ కనపడలేదు. అన్ని రోజులు ఆ ఫొటోతో తిరిగాను, నిలువెత్తున అచ్చు వేయించాను, ఆ పిల్ల అందులో ఉందన్నది నా కంటికి ఆనలేదు.

“నీ మొకం కొట్టేయిస్తాలే,” అన్నాను.

“మొకం కొట్టేస్తే తట్ట ఉంటాది. తట్ట సూస్తే ఊరికంతా తెలుసు.” తర్వాత కుర్రాళ్ళ వైపు తిరిగింది. “నిచ్చెన ఎవురిది? సంఘానిది గదా? సంఘం నిచ్చెనతో ఒక పార్టీ మనిషి ఫ్లెక్సీ కడితే, రేపు మళ్ళా మనల్ని ఏ పార్టీ అంటారు? మామా, ఆయప్ప నన్ను అడ్డం పెట్టుకోని పైకొచ్చినాడు. నువ్వు నన్ను అడ్డం పెట్టుకోని ఆయప్పను కొడతావా?”

కుర్రాళ్ళు నిచ్చెన తీసుకుపోయారు. నేను ఫ్లెక్సీ చుట్టి అటక మీద పడేశాను. సిగ్గేసింది. అయినా కోపం చావలేదు. సిగ్గు, కోపం రెండూ ఒకే కడుపులో ఉండగలవని ఆ రోజే తెలిసింది. నిజం చెప్పాలంటే ఆ పిల్ల ఉద్యోగం కంటే వాడి పతనమే నాకు ఎక్కువ కావలసివచ్చిందని కూడా తెలిసింది. దాచుకోను.

అంతలో జాతర వచ్చింది.

మా ఊరి గంగమ్మ కథ పగ కథే. ఆడపిల్లల్ని చెరపట్టే పాలెగాడు ఆమెకి భయపడి దాక్కుంటే, రోజుకొక వేషం మార్చుకుంటూ వెతికింది. చివరికి దొర వేషంలో పోతే, ఎవరో పెద్ద దొర వచ్చాడనుకుని వాడే బయటికి వచ్చి చిక్కాడు. అందుకే జాతర వారం రోజులూ మేం రోజుకొక వేషం కడతాం. వేషం కట్టినవాళ్ళు వీధుల్లో ఎవర్నైనా తిట్టవచ్చు. బూతులైనా సరే. తిట్టించుకున్నవాడు కోప్పడకూడదు, చేతులు జోడించాలి. అది అమ్మవారి నోరు. ఇంకొక కట్టు కూడా ఉంది. జాతర చాటింపు వేశాక ఊరివాళ్ళు పొలిమేర దాటకూడదు. అంటే వాడు ఊళ్ళోనే ఉంటాడు, ఇంట్లోనే ఉంటాడు, నేను గుమ్మంలో నిలబడి ఏమన్నా దండం పెట్టి తీరాలి. ఇంతకంటే నాకేం కావాలి?

ఊరి పనులు చేసే తోటి వేషం కట్టే రోజు పొద్దున్నే ఒంటికంతా బొగ్గుపొడి పూసుకున్నాను. నడుముకి వేపమండలు కట్టుకున్నాను. యాభై దాటిన ఒళ్ళు. మా ఇంటావిడ అద్దం చూపించి, ‘అమ్మవారు దిగి రాకముందే నువ్వు మూర్ఛపోతావు’ అంది. వీధిలోకి వచ్చేసరికి నిమ్మకాయల ఆవిడ కూతుర్ని తీసుకుని ఎదురైంది. ఈమధ్య ఆడపిల్లలు కూడా వేషాలు కడుతున్నారు. ఆ పిల్ల నెత్తి నుంచి పాదాల దాకా బొగ్గే, కళ్ళు తప్ప ఏమీ కనపడటం లేదు. మెడలో నిమ్మకాయల దండ, రెండు చేతుల్లో వేపమండలు.

“ఉద్యోగం పోయింది గదమ్మా, ఇంకా మొక్కేంది?” అన్నాను తల్లితో.

పిల్లే జవాబు చెప్పింది. “వస్తే కట్టిస్తా అని మొక్కుకునింది మామా. పదకొండు దినాలు వచ్చింది గదా.”

నేను ఎక్కడికి వెళుతున్నానో చెప్పాను. తల్లీ కూతురూ నాతోపాటు నడిచారు.

వాడి ఇంటి ముందు షామియానా వేసి ఉంది. కొత్త పార్టీవాళ్ళు పదిమంది టిఫిను తింటున్నారు. ఒక కుర్చీ మీద ఉతికి మడతపెట్టిన కొత్త కండువాలు పేర్చి ఉన్నాయి. వాడి తల్లి ఇత్తడి చెంబుతో పసుపునీళ్ళు తెచ్చి మా కాళ్ళమీద పోసింది. నన్ను గుర్తుపట్టలేదు. ఎనభై దాటిన చూపు.

నేను మొదలుపెట్టాను. ముందుగా జాతర బూతులు. అవి ఇక్కడ రాయను, రాస్తే మా ఇంటావిడ చదువుతుంది. తర్వాత నా సొంతవి.

“మజ్జిగ గ్లాసుల ఎనకాల దాంకోని ఆడబిడ్డ మెడకు గుడ్డ సుట్టినోడా! నీ మెడ గుడ్డ మార్చుకోని ఆ బిడ్డ మెడది మర్సిపోయినోడా! ఒక్క మాట సెప్పేదానికి నోట్లో నాలిక పడిపోయినోడా! గడప బయట ఇప్పమంటే లోపల తొడుక్కున్నోడా!”

గొంతు బొంగురుపోయేదాకా తిట్టాను. వాడు చేతులు జోడించి నవ్వుతూ నిలబడ్డాడు. అతిథులు కూడా నవ్వారు. ఒకడు ప్లేటు పక్కన పెట్టి చప్పట్లు కొట్టాడు. ‘బాగా తిడతావుండాడు, ఇంగా తిట్టమను’ అన్నాడు. నా కడుపులో మంట అంతా వాళ్ళ ఇడ్లీలకి నంజుడు అయిపోయింది. ఎన్నాళ్ళుగా దాచిపెట్టుకున్న మాటలు అన్నీ అయిపోయాయి, వాడి మొహం మీద నవ్వు మాత్రం అలాగే ఉంది. ఆచారం నాకు నోరిచ్చింది సరే, వాడికి కవచం కూడా అదే ఇచ్చింది. ఆ సంగతి నేను ముందు ఆలోచించలేదు.

అప్పుడు వాడు తన అలవాటు పని చేశాడు.

“వేషం కట్టిన పిల్లోళ్ళతో ఒక ఫొటో తియ్యండబ్బా,” అంటూ కుర్చీ మీది కండువా ఒకటి విప్పి, దగ్గరగా ఉన్నవాళ్ళ మెడలో వేశాడు. నాకు కాదు. నా వెనక తల వంచుకుని నిలబడ్డ పిల్లకి. రెండు చేతుల్లో వేపమండలు ఉన్న పిల్లకి. ఎవరో ఫోను ఎత్తారు. వాడు ఆమె పక్కన నిలబడి నవ్వాడు, సరిగ్గా ఆ ఫ్లెక్సీ మీద నవ్విన నవ్వే.

వాడి తల్లి చెంబు కింద పెట్టింది. “ఒరే, అమ్మవారికి కండువా కప్పుతావేమిరా?”

షామియానా కింద నవ్వులు ఆగిపోయాయి. పిల్ల వంగి వేపమండలు అరుగు మీద మెల్లగా పెట్టింది. ఈసారి చేతులు ఖాళీ చేసుకుంది. మెడలోని కండువా తీసింది. దాని కొసతో నుదురు తుడుచుకుంది, బుగ్గలు తుడుచుకుంది, గడ్డం తుడుచుకుంది. కొత్త కండువా నల్లబడింది. బొగ్గు చారల కింద నుంచి ఆమె మొహం బయటపడింది.

“గుర్తుపట్టినారా అన్నా?” అంది. “మజ్జిగ తట్ట.”

వాడి చేతులు ఇంకా జోడించే ఉన్నాయి. నవ్వు మాత్రం పోయింది. అతిథుల్లో ఒకడు పక్కవాడి చెవిలో ఏదో అడిగాడు, ఆ పక్కవాడు మా వాడి వైపు కొత్తగా చూశాడు. నేను గంటసేపు అరిచి సాధించలేనిది ఆ పిల్ల నాలుగు మాటల్లో చేసింది. ఒప్పుకుంటాను, నాకు అసూయ కూడా కలిగింది.

“ఏం సేసినావురా ఈ బిడ్డను?” అంది తల్లి.

“ఏం లేదుమా. ఒక ఫొటో.”

“ఆ ఫొటోకు నా ఉద్యోగం పోయిందవ్వా,” అంది పిల్ల. “కండువా నేను వేసుకోలేదు, వేసినారు. వేయించినాయన ఒకసారి పోయి ఆ మాట సెప్తే సాలు. సెప్పలేదు.”

ముసలామె కొడుకు వైపు చూడలేదు. “ఆ ఆపీసు యాడుండాదో సూపించమ్మా. నేను పోయి సెప్తా.”

“మీరు గాదవ్వా. కప్పినాయనే సెప్పాల.”

ముసలామె చెంబు తీసుకుని మిగిలిన నీళ్ళన్నీ ఆ పిల్ల కాళ్ళ మీద పోసి లోపలికి వెళ్ళింది. మేం బయటికి వచ్చాం. కండువా పిల్ల చేతిలోనే ఉంది. సగం తుడుచుకున్న మొహంతో అమ్మవారి దగ్గరికి పోకూడదని తల్లి కంగారుపడింది. సంచిలోంచి బొగ్గుపొడి తీసి నడివీధిలోనే మళ్ళీ పూసింది. తర్వాత గుడికి వెళ్ళి మొక్కు తీర్చుకున్నారు.

ఆ కండువాని మాసింది మాసినట్టే మేకుకి తగిలించాలని నా కోరిక. ఊరు ఊరంతా చూడాలి. పిల్ల ఒప్పుకోలేదు. “పార్టీ మన జోలికి రాలేదు మామా. వాళ్ళ గుడ్డను అట్ల వేలాడేస్తే వాళ్ళను అవమానించినట్లయితాది. మనకు కోపం ఆయప్ప మీదనే గదా,” అంది. ఇంటికి తీసుకుపోయి ఉతికింది. ఇస్త్రీ చేసింది. జాతర అయిన మూడో రోజు తెచ్చి మొదటి మేకుకి తగిలించింది. ఎంత ఉతికినా బొగ్గు ఛాయ పూర్తిగా పోలేదు, దగ్గరికి వచ్చి చూస్తే తెలుస్తుంది. నేనైతే ఉతికేవాణ్ణి కాదు.

వారం తర్వాత వాడి డ్రైవరు వచ్చాడు. గడప బయటే నిలబడి, ఆ కండువా ఇచ్చేయమన్నాడు. అన్న పంపించాడన్నాడు. అది ఎందుకు ఇక్కడుందని పార్టీలో నలుగురూ అడుగుతున్నారట.

పిల్ల లోపల తప్పిపోయినవాళ్ళ వివరాలు రాసే పుస్తకానికి అట్ట వేస్తోంది. తల ఎత్తలేదు.

“ఈడ పద్దతి తెలుసు గదన్నా నీకు. ఎవురి కండువా వాళ్ళే తీసుకోవాల. ఇంకొకరు ముట్టుకోకూడదు. ఆయన్నే రమ్మను. వచ్చేటప్పుడు ఆ ఆపీసు మీదగా రమ్మను.”

డ్రైవరు నా వైపు చూశాడు. నేను ఫ్రేముకి అద్దం సరిచూసుకుంటున్నట్టు నటించాను. వాడు ఉత్త చేతులతో వెళ్ళిపోయాడు.

ఆ అమ్మాయి ఇప్పుడు ఒక ల్యాబులో కౌంటరు దగ్గర కూర్చుంటోంది. సాయంత్రాలు సంఘానికి వస్తోంది. మానేసిన పిల్లల్లో ఇద్దరు తిరిగి వచ్చారు. ఆఫీసులో ఆమె సీట్లో ఇంకెవరో చేరారు. వాడు ఇప్పుడు చెప్పినా ఆ ఉద్యోగం రాదు. ఆ సంగతి ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు. అయినా ఆ మాట వాడు చెప్పాలి, చెప్పి వచ్చి తన కండువా తాను తీసుకోవాలి.

రోజూ పొద్దున కొట్టు తెరిచేటప్పుడు మొదటి మేకు వైపు చూస్తాను. కండువా అక్కడే ఉంది. వాడు ఈ వీధిలోకి రావడం మానేశాడు. కారు చుట్టు తిప్పుకుని పక్క సందులోంచి పోతున్నాడు. మేకు నేను కొట్టిందే. అంత తొందరగా ఊడదు.